నికీ లౌడా వెళ్లిపోయారు. ఆయన రేసుల్లో మీ మనసులో నిలిచింది ఏది?

పిట్‌గోడ
2019 మే 20న ఫార్ములా వన్ రేసు డ్రైవరు లౌడా కన్నుమూశారు. డెబ్బై ఏళ్లు. నిరుడు ఊపిరితిత్తుల మార్పిడి జరిగినప్పటి నుంచి భయం ఉంటూనే ఉంది. అయినా మృత్యువు గడప తొక్కి వెనక్కి వచ్చిన మనిషి కదా, ఈసారీ వస్తారులే అని ధైర్యం చెప్పుకున్నాను. మూడు ప్రపంచ టైటిళ్లు, 25 విజయాలు, ఫెరారీ జట్టుతోనూ మెక్‌లారెన్ జట్టుతోనూ ఛాంపియన్ అయిన ఏకైక డ్రైవరు. ఇవి ఇక్కడ అందరికీ తెలుసు. నేను అడిగేది వేరు. ఆయన నడిపిన ఏ రేసు మిమ్మల్ని వదలదు? ఎందుకు? సంతాప సందేశాలు వద్దు, రేసు గురించి రాయండి.

ఎర్రటోపీ
ఇటలీలోని మోంజా, 1976. ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో మండుతున్న కారులో చిక్కుకున్నారు. విషవాయువులు పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రికి మతగురువు వచ్చి అంత్యకాల ప్రార్థన చేసి వెళ్లారు. సెప్టెంబరు 12న అదే మనిషి మోంజాలో గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరసలో కూర్చున్నారు. మధ్యలో 42 రోజులు. తప్పిపోయినవి రెండే రేసులు. హెల్మెట్ తీస్తే లోపలి ముసుగు మానని గాయాలకు అంటుకుపోయి రక్తంతో తడిసి ఉంది. ముగించింది నాలుగో స్థానంలో. లోపల భయంతో వణికిపోయానని ఆయనే తరవాత చెప్పారు. భయం లేనివాడు నడిపితే గొప్పేముంది? అంత భయం పెట్టుకుని నడపడం, అదీ లౌడా.

రెండోగేరు
ఎర్రటోపీ గారూ, మోంజా గురించి రాసి ఫెరారీ చేసిన పనిని ఎందుకు వదిలేశారు? ఆయన గాయాలు మానకముందే రాయిటమన్ అనే ఇంకో డ్రైవరును తెచ్చి పెట్టుకున్నారు. మోంజాలో మూడు ఎర్ర ఫెరారీ కార్లు దిగాయి. ఒళ్లంతా కట్లతో వచ్చిన లౌడా, వాళ్లు కొత్తగా తెచ్చుకున్న మనిషి కన్నా ముందు ముగించారు. నాకు ఆ రేసులో నచ్చింది అదే. ఇంకా నచ్చింది 1977. అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో టైటిల్ ఖాయం చేసుకుని, ఇంకా రెండు రేసులు మిగిలి ఉండగానే ఫెరారీకి దండం పెట్టి వెళ్లిపోయారు. నేను ఫెరారీ అభిమానినే, చిన్నప్పటి నుంచీ. ఆ ఒక్క విషయంలో మాత్రం లౌడా పక్షం.

వానల్యాపు
అందరూ మోంజా అంటారు, జపాన్‌లోని ఫుజీ మాట ఎవరూ ఎత్తరు. అదే ఏడాది చివరి రేసు. మూడు పాయింట్ల ఆధిక్యంతో వెళ్లారు. కుండపోత వాన. రెండు ల్యాపులు, అంటే రెండు చుట్లు నడిపి కారును జట్టు మెకానిక్‌లుండే పిట్‌లోకి తెచ్చి దిగిపోయారు. టైటిల్ పోటీలో ఉన్న జేమ్స్ హంట్ మూడో స్థానంలో వచ్చి 69-68తో టైటిల్ పట్టుకుపోయాడు. నాకు లౌడా అంటే ప్రాణం, అందుకే చెబుతున్నాను, ఆ రోజు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇంకొన్ని ల్యాపులు నెమ్మదిగా తిప్పినా సరిపోయేది. వాన తగ్గింది, ట్రాక్ ఆరింది. నాలుగు టైటిళ్ల మనిషిగా పోవలసిన వ్యక్తి మూడింటితో పోయారు.

ఎర్రటోపీ
ఆయన పోయి రెండు రోజులు కాలేదు, అప్పుడే మొదలుపెట్టారా? కనురెప్పలు కాలిపోయిన మనిషి. రెప్ప సరిగ్గా మూతపడేది కాదు, కళ్ల నుంచి నీళ్లు కారేవి. ముందు కారు లేపే నీటి తెరలో ఏమీ కనిపించని చోట ఆ కళ్లతో ఎలా నడపాలి? అయినా దిగిపోయింది ఆయన ఒక్కరే కాదు. ఫిట్టిపాల్డి దిగాడు, పాచే దిగాడు, పెర్కిన్స్ దిగాడు. వాళ్లను ఎవరూ అడగరేమి?

వానల్యాపు
వాళ్లు టైటిల్ కోసం పోరాడటం లేదు కాబట్టి అడగరు. నేను పిరికితనం అన్నానా? ఆ మాట ఎక్కడ అన్నానో చూపించండి.

ఎర్రటోపీ
అనలేదు, అనిపించేలా రాశారు. కుర్చీలో కూర్చుని "ఇంకొన్ని ల్యాపులు తిప్పినా సరిపోయేది" అనడం తేలిక.

పాతటైరు
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఎర్రటోపీ గారూ, కళ్ల సంగతి మీరు ఆయన తరఫున చెబుతున్నారు, ఆయన మాత్రం ఆ సాకు తీసుకోలేదు. పిట్‌లోకి రాగానే ఫెరారీ ఇంజనీరు ఫోర్గియెరీ "ఇంజను చెడిందని చెబుదాం" అన్నాడు. ఒప్పుకుని ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. లౌడా వద్దన్నారు. ఈ వానలో నడపడం పిచ్చితనం, నేను నడపను, కారణం అదే అని లోకానికి చెప్పారు. ప్రపంచ టైటిల్ చేజారుతున్న క్షణంలో, కాపాడే అబద్ధం చేతికి అందిస్తుంటే తీసుకోని మనిషిని నేను ఏ ఆటలోనూ ఇంకొకరిని చూడలేదు. నా వరకు ఫుజీ ఆయన ఓడిన రేసు కాదు.

వానల్యాపు
ఆ నిజాయితీకి నేనూ చేతులెత్తి మొక్కుతాను. నా బాధ మాత్రం తగ్గదు.

పాయింట్లపుస్తకం
ఇక్కడ లెక్కలు చూసినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. నేను ఏళ్ల తరబడి ప్రతి సీజను పాయింట్లూ చేత్తో రాసి పెట్టుకుంటున్నాను, కాబట్టి వినండి. 1976 టైటిల్ పోయింది ఫుజీలో కాదు. స్పెయిన్‌లో హంట్ కారు 1.8 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉందని అనర్హుణ్ని చేసి, తరవాత అప్పీలులో విజయం తిరిగి ఇచ్చేశారు. అంటే హంట్‌కు తొమ్మిది పాయింట్లు వచ్చాయి, మొదటి నుంచి రెండుకు జారి లౌడాకు మూడు పోయాయి. తేలింది ఒక్క పాయింటుతో! బ్రిటన్‌లో హంట్‌ను తప్పించి లౌడాకు విజయం ఇచ్చిన మాట కూడా నిజమే, అది ఎవరూ చెప్పకముందే నేనే చెబుతున్నాను. ఒక సీజనును ఒక్క వానలో పెట్టి చూడకూడదు.

ఇక అసలు ప్రశ్నకు నా జవాబు: పోర్చుగల్‌లోని ఎస్టోరిల్, 1984. అర పాయింటు. లౌడాకు 72, మెక్‌లారెన్‌లో తోటి డ్రైవరు ప్రోస్ట్‌కు 71.5. ఇంత సన్నటి తేడాతో తేలిన టైటిల్ చరిత్రలో ఇంకొకటి లేదు. పదకొండో స్థానం నుంచి మొదలుపెట్టి రెండో స్థానానికి వచ్చారు.

తెల్లగీత
రెండో స్థానం ఎలా వచ్చిందో కూడా రాయండి. మాన్సెల్ కారు బ్రేకులు చెడి తప్పుకున్నాడు కాబట్టి వచ్చింది. ఆ ఏడాది ప్రోస్ట్ ఏడు రేసులు గెలిచాడు, లౌడా ఐదు. రేసుకు ముందు వరస తేల్చే క్వాలిఫయింగ్‌లో దాదాపు ప్రతిసారీ ప్రోస్టే ముందు. మొనాకోలో వాన వల్ల రేసు మధ్యలో ఆపి సగం పాయింట్లు ఇవ్వకపోయి ఉంటే కిరీటం ప్రోస్ట్‌దే. లౌడా మీద గౌరవం తక్కువై కాదు, నిజం నిజమే.

పాయింట్లపుస్తకం
మొనాకో లెక్క నాకు నేర్పకండి. ప్రోస్ట్‌కు వచ్చింది 4.5. రేసు పూర్తిగా నడిచి, వెనక దూసుకొస్తున్న సెన్నా దాటేసి ప్రోస్ట్ రెండో స్థానంలో ముగించినా 6 వచ్చేవి. 71.5లో 4.5 తీసి 6 కలపండి, 73. అవును, లౌడా కన్నా ఎక్కువ. అయితే ఆ రేసు ఆపండి ఆపండి అని చెయ్యి ఊపింది ఎవరు? ప్రోస్టే! ఆ రోజు విజయం కాపాడుకోవడానికి ఆపమన్నాడు, ఏడాది చివర అదే అర పాయింటు దగ్గర దెబ్బ కొట్టింది. లౌడా ఎప్పుడూ రేసును కాదు, సీజనును నడిపేవాడు. ప్రోస్ట్ ఆ పాఠం ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాడు, మరుసటి ఏడాది గెలిచాడు.

తెల్లగీత
మొనాకోలో లౌడా తానే జారి తిరిగిపోయి రేసు బయట పడ్డారు. సీజను నడిపేవాడు ఆ రోజు ఏం చేశాడో కూడా మీ పుస్తకంలో రాసి ఉంటుంది, చూడండి.

పాయింట్లపుస్తకం
రాసి ఉంది. ఆయనకు సున్నా వచ్చిందనీ రాసి ఉంది, అయినా ఛాంపియన్ అయ్యారనీ రాసి ఉంది.

కిటికీపక్క
ఈ చర్చలో మొదటిసారి రాస్తున్నాను. నాకు పాయింట్లు తెలియవు. చిన్నప్పుడు నిప్పంటుకుని నా మెడ, ఎడమ చెంప కాలాయి. బడిలో ఎప్పుడూ ఎడమ గోడ పక్కనే కూర్చునేదాన్ని, కాలిన చెంప గోడవైపు ఉండేలా. ఫోటో తీస్తున్నారంటే ముందుగానే తల అటు తిప్పేదాన్ని, అది అలవాటై ఇప్పటికీ మెడ దానంతట అదే తిరుగుతుంది. టీవీలో రేసు మొదలయ్యే ముందు ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మాట్లాడుతుంటే మొదటిసారి చూశాను. కుడి చెవి చాలా భాగం లేదు. చర్మం ముడతలు ముడతలుగా ఉంది. కెమెరా దగ్గరికి వచ్చినా ఆయన తల తిప్పలేదు. ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూస్తూ ఎవరి టైర్లు అరిగిపోయాయో చెబుతున్నారు. అందం కోసం ఒక్క ఆపరేషను కూడా చేయించుకోలేదనీ, కనురెప్పలు పనిచేయడానికి కావలసినంత మాత్రమే చేయించుకున్నారనీ తరవాత తెలిసింది. మచ్చలు కప్పుకునే టోపీ మీద కంపెనీ పేరు వేయించి దానికి డబ్బు తీసుకునేవారట. అది చదివినప్పుడు నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. ఆయన రేసుల్లో ఏది గొప్పదో మీరు తేల్చుకోండి.

స్పానర్
ఆండర్‌స్టోర్ప్, 1978, ఫ్యాన్ కారు! ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ బ్రాభమ్ జట్టు పేరు ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. నేను రోజంతా ఇంజన్ల మధ్య ఉండేవాణ్ని, అందుకే నాకు అదే కావాలి. ఆ జట్టు డిజైనర్ గోర్డన్ మరే కారు వెనక పెద్ద ఫ్యాన్ బిగించాడు. చల్లబరచడానికని చెప్పారు గాని, కారు కింద గాలి లాగేసి నేలకు అతుక్కునేలా చేయడమే దాని అసలు పని. ఫ్యాన్ ఇంజనుతో పాటు తిరుగుతుంది. అంటే మలుపులో భయపడి కాలు తీస్తే పట్టు పోతుంది, తొక్కితేనే పట్టు వస్తుంది. ఏళ్ల తరబడి ఒళ్లు నేర్చుకున్నదానికి పూర్తిగా తలకిందులు. స్వీడన్‌లో ఆయన దాన్ని నడిపిన తీరు చూడండి. ఇతర కార్లు నూనె మీద జారుతుంటే ఈయన మామూలుగా వెళ్లిపోయారు. అరనిమిషానికి పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ కారు మళ్లీ ఏ రేసులోనూ కనిపించలేదు.

రెండోగేరు
ఒకే రేసు నడిచి ఒకే రేసు గెలిచిన కారు. దాన్ని మోసం అనేవాళ్లూ ఉన్నారు.

స్పానర్
నిబంధనలు చదివి చెప్పమనండి. ఆ రోజు గెలుపును ఎవరూ రద్దు చేయలేదు.

ఎర్రటోపీ
అందరూ 'రష్' సినిమా చూసి హంట్, లౌడా బద్ధశత్రువులని రాస్తున్నారు, మిగతా చోట్ల చదివి ఒళ్లు మండింది. ఎదిగే రోజుల్లో ఇద్దరూ స్నేహితులు. హంట్ 45 ఏళ్లకే పోయినప్పుడు లౌడా ఎంత కుంగిపోయారో తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

పాతటైరు
నూర్‌బర్గ్‌రింగ్ గురించి కూడా ఒక మాట. 1975లో ఆ 22.8 కిలోమీటర్ల ట్రాక్‌ను ఏడు నిమిషాల లోపు చుట్టిన మనిషి ఆయన, 6:58.6. ఆ ట్రాక్ మీద అందరికన్నా వేగంగా వెళ్లినవాడే, ఇక్కడ రేసు పెట్టకండి, మంటలార్పేవాళ్లు సమయానికి చేరలేరు అన్నాడు. డ్రైవర్ల ఓటింగులో ఓడిపోయాడు. ఓడిపోయాక దిగి నడిపాడు. చివరికి ఆయన్ను మంటల్లోంచి లాగింది తోటి డ్రైవర్లే. ఎర్ట్ల్, ఎడ్వర్డ్స్, లంగర్, బెల్టు విప్పిన మెర్జారియో. ఆ తరవాత ఫార్ములా వన్ ఆ పాత ట్రాక్‌కు మళ్లీ వెళ్లలేదు.

గాలిదారి
రేసులు అడిగారు, నేను విమానం గురించి రాస్తాను, క్షమించాలి, నాకు లౌడా అంటే అదే. 1991 మే 26. ఆయన సంస్థ లౌడా ఎయిర్ విమానం బ్యాంకాక్ నుంచి వియన్నాకు వెళుతూ థాయ్‌లాండ్‌లో కూలిపోయింది. 223 మంది. నేల మీద దిగాక మాత్రమే తెరుచుకుని వేగం తగ్గించవలసిన థ్రస్ట్ రివర్సర్ గాలిలో ఉండగానే ఎడమ ఇంజనుకు తెరుచుకుంది. ఆయన స్వయంగా పైలట్. ఘటనా స్థలానికి వెళ్లారు, సిమ్యులేటర్‌లో కూర్చుని మళ్లీ మళ్లీ ప్రయత్నించారు, ఆ పరిస్థితి నుంచి ఏ పైలటూ విమానాన్ని కాపాడలేడని చూపించారు. బోయింగ్ బయటికి చెప్పకపోతే నేనే ఎక్కుతాను, గాలిలో రివర్సర్ తెరవండి, బయటపడి చూపించండి అని ఎదురు నిలబడ్డారు. ప్రకటన వచ్చింది. తరవాత ఆ విమానాల్లో అదనపు తాళం పెట్టారు. తన పైలట్ల మీద నింద పడకుండా ఆయన చేసిన ఆ పోరాటం నాకు మూడు టైటిళ్ల కన్నా పెద్దది.

తెల్లగీత
ఈ ఏడాది మొనాకో రేసు జరిగిందీ మే 26నే. గ్రిడ్ మీద అందరి తలల మీదా ఎర్ర టోపీలు. మెర్సిడెస్ కారుకు ఎర్ర హేలో, డ్రైవరు తలను కాపాడే చట్రం. హామిల్టన్ లౌడా రంగుల హెల్మెట్‌తో, అరిగిపోయిన టైర్లతో, వెనక వెర్‌స్టాపెన్ ముక్కు గుద్దుతుంటే చివరి దాకా పట్టుకుని గెలిచాడు. హామిల్టన్‌ను మెర్సిడెస్‌కు తెచ్చిన మాటల వెనక లౌడాయే ఉన్నారు. వియన్నా అంత్యక్రియలకు ప్రోస్ట్ కూడా వచ్చాడు, అది గమనించండి, అర పాయింటు వాళ్ల మధ్య ఏమీ చెడగొట్టలేదు.

పాయింట్లపుస్తకం
అది నేనూ గమనించాను. అయితే తెల్లగీత గారూ, మీరు ప్రోస్ట్ అభిమాని కాబట్టి నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫూర్ట్ 1985 మరచిపోయినట్టున్నారు. అప్పటికి లౌడా ఆ సీజనులో చాలా రేసులు ముగించలేక పోయారు, రిటైర్ అవుతున్నానని ముందే ప్రకటించారు, ప్రోస్ట్‌కు పాయింట్లు కావాలి. చివరి ల్యాపుల్లో ప్రోస్ట్ అటు ఇటు ముక్కు పెడుతూనే ఉన్నాడు. లౌడా దారి ఇవ్వలేదు. 0.232 సెకన్ల తేడాతో 25వది, ఆఖరిది గెలిచారు.

తెల్లగీత
మరచిపోలేదు. ఒకే జట్టు, టైటిల్ పోరులో ఉన్నది ప్రోస్ట్. వదిలేసి ఉంటే ఏం పోయేది?

వానల్యాపు
ఫుజీలో ఎందుకు వదిలారని నేను అడిగితే మీద పడ్డారు, ఇప్పుడు జాండ్‌ఫూర్ట్‌లో ఎందుకు వదల్లేదని మీరు అడుగుతున్నారు. అదే మనిషి తెల్లగీత గారూ. ఆయనకు సరైనదనిపిస్తే వదిలారు, కాదనిపిస్తే వదల్లేదు, మనల్ని గాని, జట్టును గాని అడగలేదు.

స్పానర్
దక్షిణాఫ్రికాలోని కైలామీ 1982 సమ్మె గురించి ఎవరైనా రాయండి, లైసెన్సు షరతులకు ఎదురు తిరిగి దాదాపు డ్రైవర్లందరూ ఒకే హాలులో పరుపులు వేసుకుని పడుకున్నది. రెండేళ్ల విరామం తరవాత తిరిగి వచ్చిన మొదటి రేసులోనే దానికి ముందు నిలబడింది లౌడాయే కదా?