సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారుతున్నవారు సహాయం ఎక్కడ వెతుక్కోవాలి?

ప్రశ్న

నమస్కారం. ఇన్నేళ్లూ ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరిచే సబ్‌వర్షన్‌తోనే పనిచేశాను. ఇప్పుడు మా బృందం అదే పనికి వాడే గిట్‌కు మారడంతో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తోంది. కమిట్ (మార్పులను చరిత్రలో నమోదు చేయడం), పుల్ (ఇతరుల మార్పులను తెచ్చుకోవడం), పుష్ (మన కమిట్లను సర్వరుకు పంపడం) వంటి రోజువారీ పనులు అలవాటయ్యాయి గానీ, ఏదైనా అడ్డం తిరిగినప్పుడు ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకే సమస్యకు ఒకరు రీసెట్ అంటారు, మరొకరు చెకౌట్ అంటారు, ఇంకొకరు ఫోల్డరు మొత్తం తీసేసి మళ్లీ క్లోన్ (సర్వరు నుంచి పూర్తి నకలు) చేసుకోమంటారు. ఉదాహరణకు, ఒక ఫైలులో ఇంకా కమిట్ చేయని మార్పులను వదిలేసుకుందామని గిట్ రివర్ట్ తరువాత ఆ ఫైలు పేరు ఇస్తే, అటువంటి రివిజన్ లేదన్నట్టు సందేశం చూపి ఆగిపోతోంది. సహాయం వెతకడానికి నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు

ముందుగా మీ ఉదాహరణ సంగతి. సబ్‌వర్షన్‌లో రివర్ట్ పనిచేసేది ఇంకా కమిట్ చేయని మార్పుల మీద. గిట్‌లో అదే పేరున్న ఆదేశం, ఇదివరకే చేసిన ఒక కమిట్ ప్రభావాన్ని రద్దుచేస్తూ కొత్త కమిట్‌ను సృష్టిస్తుంది. అందుకే దానికి కావలసింది ఫైలు పేరు కాదు, కమిట్ గుర్తు. మీరు చేయదలచినది గిట్ రిస్టోర్‌తో జరుగుతుంది. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో స్విచ్, రిస్టోర్ అనే రెండు ఆదేశాలను చేర్చారు. అంతకుముందు బ్రాంచి (విడిగా సాగే కమిట్ల వరుస) మారడానికీ, ఫైలును వెనక్కి తెచ్చుకోవడానికీ కూడా చెకౌట్‌నే వాడేవారు. పాత సమాధానాలన్నీ చెకౌట్ చుట్టూ తిరగడానికి కారణం ఇదే. అవి తప్పు కావు, నేటికీ పనిచేస్తాయి. అయినా ఏ సమాధానమైనా ఏ సంవత్సరంలో రాసినదో చూసి చదవడం మంచిది.

ఇక సహాయమంటారా, చాలావరకు మీ కంప్యూటరులోనే ఉంది. గిట్ హెల్ప్ తరువాత ఎవ్రీడే అని ఇస్తే నిత్యం అవసరమయ్యే ఆదేశాలు, గ్లాసరీ అని ఇస్తే పారిభాషిక పదాల వివరణలు వస్తాయి. అన్నిటికంటే ముందు గిట్ స్టేటస్ చూడండి. మెర్జ్ (రెండు బ్రాంచీలను కలపడం) మధ్యలో ఆగిపోయినా, రీబేస్ (కమిట్లను వేరొక కమిట్ మీదికి మార్చడం) సగంలో ఉన్నా, ముందుకు వెళ్లడానికి ఏ ఆదేశమో, విరమించుకోవడానికి ఏ ఆదేశమో అదే చెబుతుంది.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. గిట్ మాన్యువల్ పేజీలు విషయం కొంత తెలిసినవారికి ఉపయోగపడినంతగా కొత్తవారికి ఉపయోగపడవన్నది నా అభిప్రాయం. వాటితోపాటు ప్రయోగాలకు ఒక చోటు ఏర్పరచుకోండి. మీ కంప్యూటరులోనే ఒక బేర్ రిపాజిటరీ (పనిచేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే నిల్వ) సృష్టించి, దాన్ని రెండు ఫోల్డర్లలోకి క్లోన్ చేస్తే, సర్వరూ ఇద్దరు సహోద్యోగులూ సిద్ధమైనట్టే. ముందు ఒకే ఫైలు రెండుచోట్లా ఉండేలా చూసుకుని, అందులో ఒకే వరుసను వేర్వేరుగా మార్చి కమిట్ చేసి, మొదటిచోటి నుంచి పుష్ చేసి, రెండవచోట మెర్జ్ పద్ధతిలో పుల్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్ (గిట్ తనంతట తాను కలపలేని మార్పుల ఘర్షణ) మీ కళ్లముందే పుడుతుంది. ఫైలు తెరిస్తే ఏడేసి బాణపు గుర్తుల మధ్య ఇరుపక్షాల పాఠాలూ కనిపిస్తాయి. ఏ సలహానైనా ముందు ఇక్కడ పరీక్షించి, ఆ తరువాతే అసలు ప్రాజెక్టులో వాడండి.

బ్రాంచీలు ఇంతకుముందు ఏ కమిట్ల దగ్గర ఉండేవో చూపే గిట్ రీఫ్లాగ్ గురించి కూడా తప్పక చదవండి. బ్రాంచి నుంచి జారిపోయిన కమిట్లను కూడా, సెట్టింగులు మార్చకపోతే, కనీసం 30 రోజులపాటు దాని ద్వారా తిరిగి పట్టుకోవచ్చు. అయితే కమిట్ గానీ యాడ్ (తరువాతి కమిట్ కోసం చేర్చడం) గానీ చేయని మార్పులను రీసెట్ హార్డ్ తుడిచేస్తే, వాటిని గిట్ తిరిగి తెచ్చిపెట్టలేదు.

మూడవ జవాబు

మనుషులను అడగవలసి వచ్చినప్పుడు చిక్కుపడిన చోటే ఆగిపోండి. ఒకదాని తరువాత ఒకటిగా ఆదేశాలు ప్రయత్నిస్తూ పోతే అసలు సమస్య ఏదో చూసేవారికి అంతుపట్టదు. దాగి ఉండే డాట్ గిట్ ఫోల్డరుతో సహా ప్రాజెక్టు ఫోల్డరును వేరొకచోటికి కాపీ చేసుకోండి. ఆ తరువాత మీరు ఏమి సాధించాలనుకున్నారో, ఏ ఆదేశం ఇచ్చారో, ఏ సందేశం వచ్చిందో రాసి, స్టేటస్ చూపినదీ, అన్ని బ్రాంచీల లాగ్‌ను గ్రాఫ్ రూపంలో చూపినదీ యథాతథంగా జతచేయండి. రిమోట్ (సర్వరులోని రిపాజిటరీ) చిరునామాలో పాస్‌వర్డు లేదా టోకెన్ ఉంటే ముందే తొలగించాలి. లిబెరా చాట్ అనే ఆన్‌లైన్ సంభాషణ వేదికలో గిట్ పేరుతోనే ఉన్న ఛానెల్‌లో ఇటువంటి ప్రశ్నలు అడగవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రిస్టోర్‌తో పని జరిగింది. ఒక్క సందేహం మిగిలింది: వద్దనుకున్న కమిట్‌ను అప్పటికే పుష్ చేసి ఉంటే, బ్రాంచిని పాత కమిట్‌కు వెనక్కి జరిపే రీసెట్ వాడవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇతరులు కూడా వాడుతున్న బ్రాంచి అయితే వాడకండి. రీసెట్ చేసిన బ్రాంచిని బలవంతంగా పుష్ చేయవలసి వస్తుంది; దానివల్ల అక్కడి చరిత్ర మారిపోయి, పాత కమిట్ మీద పని కొనసాగించిన ప్రతివారికీ చిక్కు ఏర్పడుతుంది. గిట్ రివర్ట్ ఉన్నది సరిగ్గా ఆ సందర్భం కోసమే. మీ ఒక్కరి బ్రాంచి అయితే మాత్రం రీసెట్‌కు అభ్యంతరం లేదు.