పాడుతూనే వేరే వరస వాయించడం: తార్క్వీనియా మోల్జా గురించి కాస్త సాయం చేయండి

నమస్కారమండీ. మా సంగీతం క్లాసులో వచ్చే వారం పది నిమిషాలు మాట్లాడాలి. ఇటలీ విదుషీమణి తార్క్వీనియా మోల్జాను ఎంచుకుని ఇరుక్కుపోయాను. 1542లో మోదెనాలో పుట్టింది, గ్రీకు, లాటిన్ చదివింది, ప్లేటోను ఇటాలియన్‌లోకి అనువదించింది. భర్త పోయాక 1583లో ఫెరారా ఆస్థానంలో, డచెస్ మార్గెరీటా గొంజాగా కొలువులో చేరింది. సంగీతకర్త వెర్ట్‌తో ప్రేమ సంగతి బయటపడి 1589లో కొలువు పోయింది. అదే మనిషికి 1600లో రోమ్ గౌరవ పౌరసత్వం ఇచ్చింది!

ఇదంతా చెప్పేయగలను. టెన్షన్ ఒక్కచోటే. ఆమె ఒక వరస పాడుతూ, కమానుతో వయోల్ (యూరప్‌లోని పాతకాలపు తీగవాద్యం) మీద వేరే వరస వాయించేదట. నేను వీణ వాయిస్తూ పాడతాను కానీ అక్కడ గొంతూ వేళ్లూ ఒకే దారి. నిన్న విడదీసి చూశాను, రెండో ఆవర్తనానికే గొంతు వేళ్ల వెనకే వెళ్లిపోయింది.

మాడ్రిగల్స్ (సాధారణంగా పలు గొంతులు వేర్వేరు వరసలు పాడే పాత ఇటాలియన్ పాటలు) పాడేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది ఎలా సాధన చేస్తారో చెప్పండి. ఒకే మనిషి అలా పాడుతూ వాయించిన రికార్డింగ్ ఏదైనా ఉందా? 1601లో అచ్చయిన, ఫెరారా ఆస్థాన సంగీతకర్త లుజ్జాస్కి మాడ్రిగల్స్ వినిపిస్తే ఫెరారా పాట తీరు తెలుస్తుందా? అన్నట్టు, ఇంటిపేరు మోల్జానా, మోల్‌త్సానా?