నరిఁ గోరునను "నొసఁగి"యా, "నొసంగి"యా?

పాతరగట్టు: సీజర్ 3 మళ్లీ మొదలెట్టాను. రోమన్ ఊరు కట్టే 1998 నాటి కంప్యూటర్ ఆట, ఇంకా వదలట్లేదు. మ్యాపు చిన్నది, ఇళ్లకు జాగా అయిపోయింది. రిజర్వాయరు కట్టి, కాల్వ లాగి, ఫౌంటెన్లు పెట్టాకే ఉన్న ఇళ్లు కాస్త ఎదిగాయి. అప్పట్నుంచీ కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద రాజనీతి పద్యం బుర్రలో తిరుగుతోంది.

దేశవైశాల్య మర్థసిద్ధికిని మూల
మిల యొకింతైన గుంట కాల్వలు రచించి
నయము పేదకు నరిఁ గోరునను నొసఁగి...

నేల కొంచెమే అయినా గుంటలు, కాల్వలు తవ్వించి, పేదకు పన్నులో నయం చూపమని. మూడో పాదం చివర ఏదో తేడా కొడుతోంది. ఆటలో పన్ను మామూలు 7 శాతం నుంచి దించాలా వద్దా అని రాయలవారినే అడుగుదామనుకుంటే ఇదీ సంగతి.

కచటతప: తేడా కొట్టక? తేటగీతి అండీ. చివర సూర్యగణం పడాలి. "సఁగి" రెండు లఘువులే. "నొసంగి" అనండి, "సంగి" గురువు, లఘువు, హగణమనే సూర్యగణం కుదురుతుంది.

నేలబారు: గణాల మాట సరే. "అరిగోరు" ఒకటే మాట, ఏదో రకం శిస్తు అయ్యుంటుంది.

కచటతప: మరి అరసున్న ఎక్కడికి పోయింది? అరిన్ + కోరునను. ద్రుతం (చివరి న్) మీద పరుషం క సరళమై గ అయింది. అరి పన్ను, కోరు పంటలో పాలు. రెండూ వేరు.

నేలబారు: నా ప్రతిలో అరసున్నలే లేవు.

కచటతప: అదే కదా మా బాధ.

వరుగుడబ్బా: అసలు పేచీ "నయము" దగ్గర. పన్ను తగ్గించమన్నాడా, మెత్తగా వసూలు చేయమన్నాడా? నా ఓటు రెండోదానికి.

కచటతప: "ఒసంగి" ఉంది కదండీ. పేదకు ఇచ్చేది తగ్గింపే. ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రి గారి వ్యాఖ్య ఓసారి తిరగెయ్యండి.

పాతరగట్టు: తగ్గిస్తే జనం సంతోషిస్తారు, ఖజానా ఏడుస్తుంది. జనం చాలకపోతే ఇంజనీర్లుండరు, కట్టినవి కూలిపోతాయి. ఎక్కువైతే పని దొరకదు, ఊరు అలజడి.

వరుగుడబ్బా: రాయలకు ఆ లెక్క బాగా తెలుసు. చెరువు తవ్వకంలో పదిహేను ఇరవై వేలమంది చీమల్లా కనిపించారని ఆ కాలపు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాశాడు. అంతమందికి రోజూ గింజలు ఎక్కణ్ణుంచి తెచ్చారో! గింజలంటే గుర్తొచ్చింది, ఆముక్తమాల్యదలోనే విష్ణుచిత్తుడి ఇంటి వానాకాలపు భోజనం చూడండి. "వడియముల్ వరుగుల్ పెరుగున్". ఎండల్లో దాచింది ముసురులో బయటికి తీయడం! మీ ఆటల్లో ధాన్యపు కొట్టు తప్ప వడియాల డబ్బా ఉందా?

నేలబారు: ఈజిప్టు ఊరు కట్టే ఆట ఫేరోలో కూడా లేదు. ఏటికోసారి నైలు వరద, తీశాక సాగు, ఒకటే కోత. కొట్టు ఖాళీ అయిందా, అయిపోయినట్టే.

పాతరగట్టు: పన్ను సంగతి ఎవరైనా...

కచటతప: ఉండండి. ఆ వడియాల పద్యంలోనే "పొగపిన కూరలున్" ఉంది. తాలింపు పెట్టినవే అంటాను.

వరుగుడబ్బా: వేపుళ్లు. మా అమ్మమ్మ వేపుడునే పొగుపు అనేది.

కచటతప: ఏ జిల్లా అండీ మీది?