అప్‌డేట్: ఎన్ఐపీటీ రిపోర్ట్ వచ్చింది

డబుల్ మార్కర్‌లో (గర్భిణులకు చేసే స్క్రీనింగ్ రక్తపరీక్ష) బిడ్డకు డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:210, అంటే 210 మందిలో ఒకరికి, వచ్చిందని, నేరుగా ఉమ్మనీరు తీసే టెస్టుకి వెళ్లాలా, ముందు ఎన్ఐపీటీ (తల్లి రక్తంలో దొరికే బిడ్డ డీఎన్ఏని చూసే పరీక్ష) చేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. ఎన్ఐపీటీకే వెళ్లాం.

మొదటి శాంపిల్ ఫెయిలైంది. ఫోన్ రాగానే కాళ్లు వణికాయి. తీరా చూస్తే నా రక్తంలో బిడ్డ డీఎన్ఏ శాతం 2.8 మాత్రమే ఉందట, సాధారణంగా కనీసం 4 ఉండాలట. నా బరువు ఎక్కువ కాబట్టి అలా జరగొచ్చన్నారు. రెండు వారాలాగి మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి 7 శాతం. 21 (డౌన్ సిండ్రోమ్ దీనిదే), 18, 13 క్రోమోజోముల తేడాలు మూడింటికీ లో రిస్క్!

అయితే నెగెటివ్ అంటే వంద శాతం గ్యారంటీ కాదని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. రక్తంలో దొరికే ఆ డీఎన్ఏ నిజానికి మాయ (ప్లాసెంటా) నుంచి వస్తుందట. అందుకే ఇది స్క్రీనింగే. పాజిటివ్ వచ్చుంటే ఉమ్మనీటి టెస్టుతో నిర్ధారించుకోవాల్సిందేనట. గుండె, వెన్నెముక లాంటివి ఇందులో తెలియవు, కాబట్టి టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) మానకూడదు.

అత్తయ్య రిపోర్టు రెండుసార్లు తిరగేసి "బాబో పాపో రాయలేదేంటే?" అన్నారు. 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పకూడదు అత్తయ్యా అన్నాను. మూతి ముడుచుకున్నారు.

టిఫా వచ్చే గురువారం. టెన్షన్ పూర్తిగా పోలేదు కానీ, రాత్రి నిద్ర పడుతోంది.