వయొలిన్ తియ్యగానే మా కుక్క ఊళ... మీ ఇళ్లలో ఎలా?

సరళీస్వరం_విజయనగరం
నమస్తే అండీ. నేను వయొలిన్ మొదలుపెట్టి ఎనిమిది నెలలు. మా బంటిగాడు నాటుకుక్క, మూడేళ్లవాడు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) వాయిస్తున్నంతసేపూ చాప పక్కనే పడుకుంటాడు. పై షడ్జం (పై 'స') మీద కమాను, అదే వయొలిన్ విల్లు, కాస్త నిలిపితే చాలు, లేచి కూర్చుని, మూతి పైకెత్తి, కళ్లు సగం మూసి ఊళ అందుకుంటాడు. నేను ఆపితే ఆపుతాడు. నాయనమ్మేమో "దీపాలవేళ కుక్క ఏడవకూడదే, ఆ పెట్టె మూసెయ్" అంటోంది. శకునం మాట అటుంచితే, వాడికి చెవులు నొప్పెడుతున్నాయేమోనని నా దిగులు.

తొప్పి_వలంతరి
మాది మృదంగం ఇల్లు. ఎంత గట్టిగా వాయించినా మా పిల్లి నిద్ర లేవదు. సాధన అయ్యి పక్కన పెట్టానో, వచ్చి తొప్పి (ఎడమ వైపు ముఖం) మీద అద్దిన తడి రవ్వ నాకేస్తుంది. ఓసారి గోరు దిగి తోలు చిరిగింది. ఇప్పుడు రవ్వ గీకేసి, తుడిచి, సంచి తొడిగాకే లేస్తున్నాను.

అలలహోరు
చెల్లీ, ఊళ పెట్టినంత మాత్రాన నొప్పి అనుకోనక్కర్లేదు. తోడేళ్ల గుంపులో ఒకటి మొదలెడితే మిగతావి అందుకుంటాయి. సాగే స్వరం వింటే కుక్కలో ఆ పుట్టుగుణం లేస్తుంది. నాదస్వరానికి, హార్మోనియానికి, అంబులెన్స్ కూతకు పలికేది అందుకే. మా అమ్మ వీణకు మా కుక్క ఎప్పుడూ పలకలేదు, మీటిన స్వరం అంతసేపు నిలవదు కదా.

అయితే వాటి చెవి మనకంటే చురుకు. మనకు సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినబడితే కుక్కకు 45,000, పిల్లికి 64,000 దాకా. అందుకని తలుపు బార్లా తీసి వాయించు. వెళ్లే దారి ఉండీ పక్కనే ఉంటే ఇష్టమే. చెవులు వెనక్కి అణిగినా, తోక కాళ్ల మధ్యకు పోయినా, ఊరికే ఆవలిస్తూ మూతి నాక్కుంటున్నా ఆపెయ్.

కీబోర్డు_కూకట్‌పల్లి
మాది కాకటీల్ అనే విదేశీ చిలుక. (రామచిలుకను పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, దయచేసి కొనకండి.) నేను వాయిస్తే భుజమెక్కి ఈల వేస్తుంది.

డ్రమ్స్_నాన్న
పైన చెప్పినట్టు చెవులూ తోకా గమనించండి. నేను గమనించలేదు. మా అబ్బాయి డ్రమ్స్ కొట్టినప్పుడల్లా మా కుక్క మంచం కింద దూరేది. అదే అలవాటు పడుతుందిలే అనుకున్నాం. ఓ రోజు అక్కడే ఒంటికి పోసేసుకుని వణుకుతూ కనిపించింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత డ్రమ్స్ మేడమీది గదికి మార్చి, కింద నేను దాని పక్కన కూర్చుని ఉడికించిన చికెన్ ముక్కలు పెడుతూ రెండు నెలలు గడిపితే కుదుటపడింది.

సరళీస్వరం_విజయనగరం
అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు తలుపు తీసి వాయించాను. వాయిస్తుంటే బంటి కదల్లేదు, ఊళ పెడుతూ తోక నేలకేసి కొడుతున్నాడు కూడా. కానీ బిరడాలు తిప్పి శ్రుతి చేసేటప్పుడు, సన్న తీగ కీచుమనగానే చెవులు అణిచి వీధి మెట్ల దాకా వెళ్లిపోయాడు. మూడు రోజులూ అంతే. ఇన్నాళ్లూ ఇది నా కంట పడనే లేదు. ఇప్పుడు శ్రుతి మేడ మీద చేసుకుని కిందికి దిగుతున్నాను. నాయనమ్మకు వాడి తోక చూపించాను. "అయితే దీపాలు పెట్టకముందే కానివ్వండి ఇద్దరూ" అంది.