బాండ్ పేపరు మీద రాసుకున్న విడాకులు చెల్లుతాయా? ఎల్.బి. నగర్ కోర్టు సమన్లకు నల్లగొండ నుండి ఏం చేయాలి?

ప్రశ్న (నకిరేకల్ ప్రాంతం నుండి):

పెద్దలకు నమస్కారం. మా చెల్లెలి విషయంలో సలహా కోరుతున్నాను. ఆమె వివాహం 2018లో మా ఊళ్లోనే జరిగింది. భర్త హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి కావడంతో వనస్థలిపురంలో కాపురం పెట్టారు. గొడవలు ముదిరాక ఆమె పాపను తీసుకొని మా ఇంటికి వచ్చేసింది. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. నిరుడు ఇరువైపుల పెద్దమనుషులు కూర్చొని 100 రూపాయల బాండ్ పేపరు మీద ‘ఇద్దరి ఇష్టంతో విడిపోతున్నాము, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు’ అని రాయించారు. ఆరు లక్షలకు మాట కుదిరితే అందులో సగమే ముట్టింది. లగ్గంలో పెట్టిన బంగారం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఇప్పుడేమో ఎల్.బి. నగర్ ఫ్యామిలీ కోర్టు నుండి సమన్లు వచ్చాయి. మా చెల్లెలు క్రూరంగా ప్రవర్తించిందనీ, తనను విడిచి వెళ్లిపోయిందనీ భర్త పిటిషన్‌లో రాశాడు. కాగితం రాసుకున్నాక కోర్టుకు పోవలసిన పనేముందని ఊళ్లో కొందరు అంటున్నారు. ఆ కాగితం చెల్లుతుందా? వకీలును నల్లగొండలో పెట్టుకోవాలా, హైదరాబాదులోనా?

సమాధానం (నల్లగొండ నుండి ఒక సభ్యుడు):

నేను న్యాయవాదిని కాను. నల్లగొండ కోర్టుల్లో చాలాకాలం ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను, మీరు చెప్పినటువంటి బాండ్ పేపర్లు చేతిలో పట్టుకొని వచ్చిన కుటుంబాలను ఎన్నింటినో చూశాను.

ముందు సమన్ల సంగతి. వాయిదా రోజున మీ చెల్లెలు తరఫున వకాలత్ (వకీలును పెట్టుకున్నట్లు ఇచ్చే పత్రం) దాఖలు కాకపోతే కోర్టు ఆమెను ఎక్స్‌పార్టీగా ప్రకటించి, భర్త చెప్పింది మాత్రమే విని డిక్రీ ఇవ్వవచ్చు. తరువాత దానిని రద్దు చేయించుకునే మార్గం ఉన్నప్పటికీ, సాధారణంగా 30 రోజుల్లోపు సరైన కారణం చూపుతూ దరఖాస్తు చేయాలి, ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి ఊళ్లోవాళ్ల మాట పక్కన పెట్టి, సమన్ల కవరు, పిటిషన్ నకలు, బాండ్ పేపరు మూడింటినీ తీసుకొని ఈ వారంలోనే వకీలును కలవండి. సమన్ల మీద కేసు నంబరు ఉంటుంది. దానితో గానీ, ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరుతో గానీ ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీని మీరే చూసుకోవచ్చు.

ఇక కాగితం. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం జరిగిన పెళ్లిని కోర్టు డిక్రీ మాత్రమే రద్దు చేయగలదు. కులాచారంగా వచ్చే విడాకులకు 29వ సెక్షన్‌లో చోటున్నా, అటువంటి ఆచారం తమ కులంలో అనాదిగా ఉందని సాక్ష్యంతో రుజువు చేయాలి, అది అంత తేలిక కాదు. పెద్దమనుషుల సంతకాలు ఎన్ని ఉన్నా మీ చెల్లెలు నేటికీ చట్టం దృష్టిలో అతని భార్యే. ఆ కాగితాన్ని నమ్ముకొని అతను మరో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది.

విడాకులుగా చెల్లనంత మాత్రాన ఆ కాగితం ఉత్తదని అనుకోకండి. అది రెండు వైపులా పదునున్న కత్తి. భార్య భరణం అడిగే సెక్షన్ పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125గా ఉండేది, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. దంపతులు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నట్లయితే ఆ సెక్షన్ కింద భార్యకు భరణం రాదని అందులోనే ఒక ఉపసెక్షన్ ఉంది. ‘ఇద్దరి ఇష్టంతో’ అని మీ పెద్దలు రాయించిన మాటను అవతలి వకీలు ముందుగా పట్టుకునేది అక్కడే. అయితే అదే మాట భర్త పిటిషన్‌కూ అడ్డం పడుతుంది. ఇష్టపడి విడిపోయామని స్వయంగా సంతకం చేసినవాడు, భార్య తనను విడిచి వెళ్లిపోయిందని ఎలా అంటాడు? ఆ కారణం నిలవాలంటే ఆమె భర్త ఇష్టానికి వ్యతిరేకంగా, తగిన కారణం లేకుండా, పిటిషన్‌కు ముందు వరుసగా రెండేళ్లు దూరంగా ఉండి తీరాలి. ఏ పరిస్థితుల్లో, ఎవరి ఒత్తిడి మీద సంతకం జరిగింది, డబ్బులో ఎంత ముట్టింది అనేవి మీ జవాబులో మొదటి నుండీ ఒకే విధంగా ఉండాలి. అందుకే ఆ కాగితం సంగతి వకీలు దగ్గర దాచకండి.

వకీలు ఎక్కడ అన్నదానికి నా అభిప్రాయం ఇది. భార్యాభర్తలు చివరిగా కాపురం చేసిన చోటు కనుక ఎల్.బి. నగర్‌లో కేసు వేయడం చట్టప్రకారం తప్పు కాదు. దానిని నల్లగొండకు మార్పించాలంటే హైకోర్టులో బదిలీ పిటిషన్ వేయాలి. చిన్నపిల్లతో ప్రయాణం, ఆదాయం లేకపోవడం వంటివి చూపితే అనుకూలంగా రావచ్చు గానీ, అందుకు వేరే వకీలు, వేరే ఖర్చు. నల్లగొండ బస్సులు ఎల్.బి. నగర్ మీదుగానే పోతాయి గనుక, కలిసి బతకడం ఇక కుదరదని మీ చెల్లెలు నిశ్చయించుకొని ఉంటే బదిలీ కోసం నెలలు పోగొట్టుకోవడం దండగని నేననుకుంటాను. ఎల్.బి. నగర్‌లో రోజూ వాదించే వకీలుకు వకాలత్ ఇచ్చి, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణంతో (కేసు నడిచేంత కాలం ఇచ్చే భరణంతో) పాటు రాకపోకలు, కేసు ఖర్చులు కూడా భర్త నుండి అడగండి. భరణం కేసు, గృహహింస కేసు మాత్రం ఆమె నివసిస్తున్న చోటే వేసుకోవచ్చు కాబట్టి, అవసరమైతే వాటికి నల్లగొండ వకీలు సరిపోతారు. ఒకటి గుర్తుంచుకోండి, 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చాక సూర్యాపేట, యాదాద్రి కోర్టులు వేరుపడ్డాయి. పాత జిల్లా లెక్కన ఇంకా నల్లగొండకు వచ్చి తిరిగిపోయేవాళ్లున్నారు. మీ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో ముందే అడగండి.

ఫీజు గురించి మొహమాటపడకండి. మొత్తం కేసుకా, వాయిదాకా, టైపింగు, నకళ్లు అందులోనేనా అన్నది మొదటి రోజే అడిగి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి. వచ్చే భరణంలో ఇంత వాటా ఇమ్మని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి, బార్ కౌన్సిల్ నిబంధనలు దానిని ఒప్పుకోవు. ఖాళీ కాగితాల మీద సంతకాలు వద్దు. అసలు పత్రాలు మీ దగ్గరుంచుకొని నకళ్లే ఇవ్వండి. తరువాత వకీలును మార్చుకోవాలనిపిస్తే, ఫీజు బాకీ ఉందన్న కారణంతో ఫైలును పట్టి ఉంచే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

సమాధానం (జడ్చర్ల నుండి ఒక సభ్యురాలు):

అన్నా, డబ్బుకు ఇబ్బందిగా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను మరవకండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. నా భరణం కేసు మహబూబ్‌నగర్‌లో అలాగే నడిచింది. ఉచిత వకీలంటే పట్టించుకోరని మా బంధువులు భయపెట్టారు గానీ, నాకు దొరికిన మేడమ్ ప్రతి వాయిదాకు ముందురోజు ఫోన్ చేసి ఏ కాగితం తేవాలో చెప్పేవారు. భరణం అడిగేటప్పుడు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆయన జీతం తక్కువ చూపించాడు. అతని బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని మేడమ్ దరఖాస్తు వేశాక అసలు లెక్క బయటపడింది. మీ బావగారి కంపెనీ పేరు, జీతం పడే బ్యాంకు వివరాలు తెలిసినంత వరకు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెల్లెలు ఇక కలిసి ఉండలేనని గట్టిగా చెబుతోంది. భర్త తరఫువాళ్లు ఒప్పుకోలు విడాకులకు సిద్ధమే గానీ, మిగతా మూడు లక్షలు తీసుకున్నాక పాపకు భరణం అడగకూడదని రాయించాలంటున్నారు.

సమాధానం (నల్లగొండ సభ్యుడు):

ఆ షరతుకు ఒప్పుకోకండి. తండ్రి నుండి పోషణ పొందడం పాప హక్కు. తల్లి సంతకంతో అది పోదు, రేపు కోర్టూ దానిని లెక్కలోకి తీసుకోదు. అయినా అటువంటి వాక్యం ఒప్పందంలో ఉంటే పాప స్కూలు ఫీజు కోసం మళ్లీ మొదటి నుండి కొట్లాడాలి. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనర్ల, సంరక్షకత్వ చట్టం అంటోంది. తండ్రి ఎప్పుడు, ఎక్కడ పాపను చూసిపోవాలో ఒప్పందంలోనే స్పష్టంగా రాయించండి.

ఒప్పుకోలు విడాకులు హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద వస్తాయి. ఏడాదికి పైగా విడిగా ఉండి ఉండాలి, అది మీకు నిండింది. పిటిషన్ వేసిన నాటి నుండి ఆరు నెలలు ఆగి రెండోసారి ఇద్దరూ హాజరై చెప్పాలి. రాజీకి ఆశ లేనప్పుడు ఆ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, మీ వకీలును దరఖాస్తు వేయమనండి. రెండో విచారణ దాకా ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు కొంత మొదటి విచారణ రోజున, మిగతాది రెండో విచారణ రోజున జడ్జి ఎదుట డిమాండ్ డ్రాఫ్టుగా ముట్టాలి. బంగారం కూడా తులాల లెక్కతో, వస్తువు వస్తువునా జాబితాగా రాసి, అందినట్లు అక్కడే సంతకాలు చేయాలి. పెళ్లి ఫోటోలు, కంసాలి లేదా షాపు రసీదులు ఉంటే జాబితాకు జతచేయండి. ఇప్పటికే ముట్టిన మూడు లక్షలు ఏ రోజున ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అందులోనే చెప్పండి, లేకపోతే ఆ లెక్క మీద మళ్లీ తగువు వస్తుంది.

డిక్రీ వచ్చిన వెంటనే సర్టిఫైడ్ కాపీలు రెండు, మూడు తీసి పెట్టుకోండి. ఆధార్‌లో, బ్యాంకులో మార్పులకు, పాప స్కూలులో చేర్పించేటప్పుడు అడుగుతారు.

సమాధానం (దేవరకొండ నుండి ఒక సభ్యుడు):

మా తండాల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం దానంతట అది వర్తించదని 2వ సెక్షన్‌లో ఉంది. పెళ్లి ఏ ఆచారంతో జరిగిందన్నదాన్ని బట్టి వాదన మారుతుంది గనుక, కుల ధ్రువీకరణ పత్రాన్ని, పెళ్లి ఫోటోలను మొదటి రోజే వకీలుకు చూపించి, ఏ చట్టం కింద పిటిషన్ వేస్తున్నారో అడిగి తెలుసుకోండి.