ఆదివారం లోపు జామ్, బొంత రెండూ అవ్వాలి. జామ్ గట్టిపడిపోయింది, బొంత ఉబ్బుతోంది. ఏం చేయాలి?

సూదీదారం (మల్లేశ్వరం, బెంగళూరు) – బుధవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈ వారం ఇంట్లో ఏడుగురం ఉన్నాం. సోమవారం పొద్దున్నే నూజివీడు నుంచి పెద్దమ్మ దిగింది, ఒక అట్టపెట్టె నిండా చిన్న రసాలతో. నిన్న చెన్నై నుంచి అక్కా, పిల్లలిద్దరూ వచ్చారు. పెద్దమ్మకి ఆదివారం సాయంత్రం రైలు. ఆలోపు నాకు రెండు పనులు తెమలాలి.

మొదటిది జామ్. రసాలు దారిలోనే బాగా మగ్గిపోయాయి. రెండు రోజులు అందరం జుర్రుకున్నా పెట్టె సగానికి రాలేదు. మిగిలినవాటిలో కొన్ని పిండి, పీచు పోయేలా జల్లెడ పట్టి గుజ్జు తూచాను. కిలో గుజ్జుకి 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం. ఇది మా అక్క కొలత. తను చెన్నైలో ఏటా ఇలాగే చేస్తుంది, థర్మామీటర్‌లో 105 డిగ్రీలు రాగానే దింపేస్తుంది. నేనూ అదే రకం థర్మామీటర్ కొన్నాను.

నాది 102 దాకా మామూలుగానే ఎక్కింది. ఆ తర్వాత కదలదే! ఇంకా ఇరవై నిమిషాలు కలుపుతూనే ఉన్నాను. పొడుగు కాడ గరిటె వాడినా చుక్కలు ఎగిరి మణికట్టు మీద రెండుచోట్ల కాలింది. ఎట్టకేలకు 105 వచ్చాక దింపి సీసాలో పోశాను. పొద్దున్న చెంచా దించితే అది అలాగే నిలబడింది, పైకి లాగితే సీసాతో సహా లేచింది. రంగు కూడా బెల్లప్పాకంలా మారింది. పెద్దమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకుని "ముదురు పాకం అయిపోయిందే" అంది. అక్క చేతిలో కుదిరింది నా చేతిలో ఎందుకు కుదరలేదు? అనుమానం వచ్చి థర్మామీటర్‌ని మరిగే నీళ్ళలో పెట్టి చూస్తే 97 చూపించింది. పాడైపోయిందంటారా? ఇంకోటి, మా అత్తగారికి షుగర్ ఉంది. ఆవిడ కోసం చక్కెర సగానికి తగ్గించి చేయొచ్చా?

రెండోది బొంత. అమ్మమ్మ పోయి మొన్న మార్చికి ఏడాది. ఆవిడ కట్టిన నేత చీరలు ఆరు నా దగ్గరున్నాయి. నెమలికంఠం ఒకటి, ముక్కుపొడి రంగుది ఒకటి, వంగపండు రంగుకి రుద్రాక్ష అంచు ఒకటి, మూడు తెల్ల వెంకటగిరివి. ఏ చీర ఎప్పుడు కొన్నదో, ఎవరి పెళ్ళికి కట్టిందో చెప్పగలిగింది ఇప్పుడు పెద్దమ్మ ఒక్కతే. ఆవిడ ఉండగానే, ఆవిడ చేత్తో కూడా కుట్టించాలని నా ఆశ. పైన చదరాలు అతికాను, మధ్యలో పాత దుప్పటి, అడుగున వెంకటగిరి చీరలు. చుట్టూ అంచు మెషీన్ మీద కుట్టేసి, చేత్తో నడుమ కుట్లు మొదలుపెడితే మధ్యలో ఉబ్బుతోంది. చదరాలు చాలక చిక్‌పేటలో కొన్న కొత్త కాటన్ కూడా నాలుగైదు కలిపాను.

ఇంకో చిక్కు ఉంది. ముక్కుపొడి చీర కొంగు చివర అమ్మమ్మ ఎప్పుడూ చిల్లర ముడి వేసుకునేది. ఆ జానెడు బట్ట నలిగి నలిగి దోమతెరలా పల్చబడింది, వెలుతురుకి పెడితే అవతల నా వేళ్ళు కనిపిస్తున్నాయి. ఆ ముక్క బొంతలో ఉండి తీరాలి. ఎక్కడ పెట్టాలి, ఎలా కుట్టాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది.

గుజ్జుపని – బుధవారం రాత్రి

మీ థర్మామీటర్ బాగానే ఉంది. పాడైందని పారేయకండి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు చేసి ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. చెన్నైలో 100కి మరిగే నీళ్ళు ఇక్కడ 97కే మరుగుతాయి. మీ థర్మామీటర్ సరిగ్గా అదే చెప్పింది.

జామ్‌కి 105 అనేది చెన్నై లెక్క. అసలు సూత్రం ఏమిటంటే, నీళ్ళు మరిగే వేడి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ రాగానే దింపాలి. మీకు అది 101, 102 మధ్య వస్తుంది. అక్కడ దింపాల్సినదాన్ని 105 దాకా లాగారు కాబట్టి నీరంతా పోయి చక్కెర ముదిరింది. మీ చేతిలో లోపం ఏమీ లేదు.

నన్నడిగితే థర్మామీటర్ కన్నా తూకం నమ్మకమైనది. జామ్ అనిపించుకోవాలంటే అందులో చక్కెరా, పండులోని కరిగే పదార్థాలూ కలిపి 65 శాతం ఉండాలి. మీ 750 గ్రాముల చక్కెరకి, కిలో రసాల గుజ్జులో ఉండే 170 గ్రాములు చేర్చండి, 920. అంటే మొత్తం జామ్ 1400 గ్రాముల దగ్గరికి వచ్చినప్పుడు ఆపాలి. ఖాళీ గిన్నె ముందే తూచి రాసిపెట్టుకోండి. ఇప్పుడు గట్టిపడినదాన్ని కూడా తూచండి. 1400కి ఎంత తక్కువుంటే అన్ని గ్రాముల వేడినీళ్ళు పోసి, సన్నమంట మీద కరగనివ్వండి, ఒక నిమ్మచెక్క పిండండి. మళ్ళీ ఎక్కువసేపు మరిగించొద్దు. మరీ ఉడికితే పండులో ఉండి జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ విరిగిపోయి, జామ్ పట్టు తప్పుతుంది. కాస్త జారుగా వస్తుంది కానీ పాడవదు.

రెండో విడతకి గుజ్జులో ఒక పుల్లటి పచ్చిమామిడి తురిమి వేయండి. బాగా మగ్గిన పండులో పులుపూ, పెక్టిన్ రెండూ తగ్గుతాయి, కాయలో ఉంటాయి. కిలోకి మించి ఒకేసారి పెట్టకండి. వెడల్పు గిన్నెలో త్వరగా దగ్గరపడితేనే రంగు నిలుస్తుంది.

అత్తగారి సంగతి: చక్కెర సగం చేస్తే మామూలు పెక్టిన్ గడ్డకట్టదు, బయట నిల్వా ఉండదు. చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయాలి. పైగా పండులో ఉండే చక్కెర ఎటూ పోదు. డాక్టర్‌ని అడిగి పెట్టండి.

గోదారిగట్టు – గురువారం పొద్దున

జామ్ గురించి ఆయన చెప్పేశారు, నేను బొంత చూస్తాను.

అమ్మా, ముందు ఆ అంచు కుట్టు విప్పేయండి. బాధగా ఉంటుంది, తెలుసు. అంచు బిగించాక నడుమ కుడితే కుట్టు కుట్టుకీ బట్ట జరుగుతుంది, ఆ జరిగింది పోవడానికి దారి లేక మధ్యలో ఉబ్బుతుంది. మూడు పొరలూ నేల మీద పరిచి, అరచేత్తో నడుమ నుంచి నాలుగు వైపులా నిమురుతూ, జానెడుకొకటి కచ్చా కుట్లు వేయండి. తర్వాత అసలు కుట్టు నడుమ నుంచి బయటికి. అంచు అన్నిటికన్నా చివర.

ఉత్తర కన్నడ జిల్లాలో బొంతలు కుట్టే సిద్ది తెగ ఆడవాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ వస్తారు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ వాళ్ళు పైన చదరాలు ముందే అతికి పెట్టుకోరు. ఒక్కో ముక్కా అప్పటికప్పుడు పరిచి, అంచు మడిచి, అన్ని పొరలూ కలిపి కుడుతూ పోతారు. ఎక్కువైన బట్ట ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. మీరు అతికేశారు కాబట్టి మీకు ఆ పద్ధతి కుదరదు.

కొత్త కాటన్ ఉతికారా? ఉతక్కపోతే ఆ చదరాలు తీసేసి ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ అతకండి. పాత చీర ఇక కుంగదు, కొత్తది మొదటి ఉతుకులోనే కుంగి పక్కనున్న ముక్కల్ని లాగేస్తుంది. వంగపండు చీర తడిగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే వెంకటగిరి పాడవుతుంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్నది నమ్మకమే తప్ప పని చేయదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా జాడించడమే మార్గం.

కొంగు ముక్క మెషీన్ కింద పెట్టకండి. సన్న కుట్టు దగ్గర దగ్గరగా పడితే పాత బట్ట కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. దాని వెనక ఉతికిన మల్ గుడ్డ పెట్టి, నూలు దారం ఒక్క పోగుతో, బియ్యపుగింజంత కుట్లు వరసలుగా వేయండి. బట్టకి పోయిన బలం ఆ వరసలే ఇస్తాయి. తల వైపు, కాళ్ళ వైపు వద్దు, అక్కడ లాగుతారు. నడుముకి కాస్త పైన, ఒక పక్కకి పెట్టండి.

పెరంబూరు పిల్ల – గురువారం మధ్యాహ్నం

చెన్నై నుంచి ఒక్క మాట. పెద్దమ్మగారు జామ్ ఈ ఎండల్లో తీసుకెళ్తారు కాబట్టి సీసాల జాగ్రత్త ముఖ్యం. నాకు పోయిన ఏడాది మే నెలలో నాలుగు సీసాలకి బూజు పట్టింది, మూతల లోపల చెమ్మ ఉండిపోవడం వల్ల. సీసాలు పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. వేడి సీసాలో వేడి జామ్ అంచుకి వేలెడు తక్కువగా పోసి, వెంటనే మూత బిగించండి. మీ అక్కకి నా నమస్కారం, మా పక్క పేట మనిషేమో!

సూదీదారం – శుక్రవారం రాత్రి

అందరికీ చేతులెత్తి దణ్ణం. గట్టిపడిన జామ్ తూస్తే 1180 ఉంది. 220 నీళ్ళు పోశాను, కరిగింది. రొట్టె మీద రాసేంత జారుగా ఉంది, పిల్లలు అప్పుడే సగం సీసా లాగించారు. రెండో విడత పచ్చిమామిడి వేసి 101.5 దగ్గర దింపి తూస్తే 1410. ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడింది, అంటే జామ్ కుదిరినట్టే! రంగు చూడాలి మీరు, పండు కోసినప్పటి రంగే. అక్క 97 డిగ్రీల సంగతి నమ్మలేదు, మళ్ళీ నీళ్ళు మరిగించి తనే చూసుకుంది.

అంచు విప్పాను. డైనింగ్ టేబుల్ మీద పరిచాం, పెద్దమ్మ కింద కూర్చోలేదు కాబట్టి. నాలుగు పక్కలా నలుగురం. ముక్కుపొడి చీర నేను అనుకున్నట్టు పెళ్ళికి కొన్నది కాదట. పెద్దమ్మకి మొదటి జీతం వచ్చినప్పుడు అమ్మమ్మకి కొనిపెట్టిందట. ఈ మాట మా అమ్మకి కూడా తెలీదు, ఫోన్ చేసి చెప్పాను. ఒక చిన్న అనుమానం: కొంగు ముక్క మీద పసుపు మరక ఉంది, పోగొట్టాలా?

గోదారిగట్టు – శుక్రవారం రాత్రి

వద్దమ్మా. పసుపు ఎండకి దానంతట అదే కొంత వెలుస్తుంది. బ్లీచ్ పెడితే ఆ పల్చటి పోగులు ఉండవు. మరకని అలాగే ఉంచి దాని చుట్టూ కుట్టండి.

సూదీదారం – సోమవారం

బొంత పూర్తవలేదు. సగానికి పైన అయ్యింది, కొంగు ముక్క మాత్రం మొత్తం పెద్దమ్మే కుట్టింది. శనివారం మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. నేను ఒక్క కుట్టు కూడా వేయలేదు. నిన్న రైలెక్కే ముందు బొంత మడిచి, సూది గుచ్చినది గుచ్చినట్టే తన సంచిలో పెట్టేసుకుంది. మిగతాది అక్కడ కుడుతుందట, దసరాకి నేను వెళ్ళి తెచ్చుకోవాలట. పక్కనే టవల్‌లో చుట్టి ఐదు సీసాలు పెట్టాను.

పొద్దున్న చేరగానే ఫోన్. సీసాలన్నీ బాగున్నాయట. ముక్కుపొడి రంగు దారం అయిపోవచ్చిందని, అక్కడ కొట్లో ఆ రంగు లేదని చెప్పింది. సాయంత్రం చిక్‌పేట వెళ్ళి నాలుగు ఉండలు కొని పోస్టులో పంపిస్తున్నాను.